అత్త సొమ్ము, అల్లుడి దానం

మార్చి నెల సగం గడిచేసరికి గుడి కార్యాలయాల్లో, అన్నదాన ట్రస్టుల కౌంటర్ల దగ్గర ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తుంది. "80జి రసీదు ఇస్తారాండీ?" అడిగే గొంతులో కాస్త మొహమాటం ఉంటుంది. దేవుడి ఎదుట నిలబడి పన్ను సంగతి ఎత్తడం బాగుండదేమోనన్న బిడియం అది. లోపలున్న గుమస్తాకు అలాంటిదేమీ ఉండదు. పాన్ నంబరు రాయమంటాడు, రెండు వేలు దాటిన నగదుకు 80జి సెక్షన్ కింద పన్ను మినహాయింపు రాదు కాబట్టి చెక్కో యూపీఐయో మేలంటాడు, ఏడాది ముగిశాక 10బీఈ ఫారం పంపుతామంటాడు. పక్కనే హుండీ ఉంటుంది. అందులో వేసినదానికి రసీదు లేదు, పాన్ లేదు, ఫారం లేదు. పది అడుగుల దూరంలో ఉన్న ఈ రెండు చోట్లలో ఎక్కడ ఇచ్చింది అసలైన దానం? రసీదు అడిగి తీసుకున్నవాడి పుణ్యంలో తరుగేమైనా పోతుందా?

జనంలో దీనికి రెండు జవాబులున్నాయి. భక్తి ఎక్కువున్నవాళ్లు తల అడ్డంగా ఊపుతారు: ప్రతిఫలం చూసుకుని ఇచ్చింది దానం కాదు, బేరం. ఆడిటర్లు చిరునవ్వు నవ్వుతారు: చట్టం ఇచ్చిన హక్కు వాడుకోకపోతే అది వైరాగ్యం కాదు, అమాయకత్వం, పుణ్యానికి పుణ్యం, మిగులుకు మిగులు. మొదటివాళ్లు దాత మనసులోకి తొంగి చూస్తున్నారు, రెండోవాళ్లు చట్టపుస్తకంలోకి చూస్తున్నారు. ఎవరూ చూడనిది ఆ డబ్బు వైపు. మినహాయింపు కోరడంలో తప్పు లేదని నేనూ అంటాను. కానీ మినహాయింపు తీసుకున్న దానం మొత్తం దాతది కాదు. అందులో ఒక వాటా ఇతరులది. ఆ వాటా ఎవరిదో ఒప్పుకుంటే దానం దానంగానే నిలుస్తుంది. మొత్తం నాదేనంటే మాత్రం అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టే.

లెక్క చూద్దాం. పాత పన్ను విధానంలో, 30 శాతం శ్లాబులో ఉన్న ఉద్యోగి ఒకరు 50 శాతం మినహాయింపు వర్తించే ట్రస్టుకు 1,00,000 రూపాయలు ఇచ్చారనుకోండి. అందులో 50,000 ఆయన ఆదాయంలోంచి తీసేస్తారు. దానిమీద తగ్గే పన్ను 15,000, నాలుగు శాతం సెస్సుతో కలిపి 15,600. అంటే ఆయన జేబులోంచి నికరంగా పోయింది 84,400. మరి అన్నదాన సత్రానికి చేరింది లక్ష. ఆ తేడా 15,600 ఎక్కడినుంచి వచ్చింది? ఆయన కట్టవలసి ఉండి కట్టకుండా ఆగిన పన్నులోంచి. సత్రం గోడమీద పాలరాతి పలకపై చెక్కేది మాత్రం లక్ష అనే. ఇది మోసమని కాదు, ఎవరూ అలా ఆలోచించలేదంతే.

మినహాయింపు అనేదే అపవిత్రమనుకునేవాళ్లు మన భాషను ఒకసారి గుర్తు చేసుకోవాలి. సర్వమాన్యం, అగ్రహారం, దేవదాయం, ఇనాం: పన్ను లేని భూమికి తెలుగులో ఎన్ని పేర్లున్నాయో, ఊళ్ల పేర్లలో అవి ఎంతగా ఇమిడిపోయాయో చూస్తే పన్ను మినహాయింపును మన పూర్వులు సిగ్గుపడే సంగతిగా కాక గౌరవంగా చూశారని తెలుస్తుంది. చావు బతుకుల్లో ఉన్న రాజు కూడా శ్రోత్రియుడి దగ్గర పన్ను తీసుకోరాదని మనుస్మృతి అంటుంది. కాళిదాసు శాకుంతలంలో విదూషకుడు ఆశ్రమం చుట్టూ తచ్చాడే దుష్యంతుడికి ఒక సాకు చూపిస్తాడు: మునుల నివ్వరి ధాన్యంలో ఆరోవంతు పన్ను వసూలుకు వచ్చానని చెప్పుకో అని. రాజు ఒప్పుకోడు. వాళ్లు తమ తపస్సులో ఆరోవంతు మాకు ఇస్తున్నారు, అది తరగని సొమ్ము అంటాడు. మినహాయింపు వెనకున్న తర్కం ఇదే: నువ్వు రాజ్యానికి మరో రూపంలో ఇస్తున్నావు కాబట్టి ధాన్యం రూపంలో ఇవ్వనక్కర్లేదు. (ఈ తర్కాన్ని కులానికి కట్టేసి, పొలం దున్నినవాడి మీద పూర్తి పన్ను, వేద పనస చెప్పినవాడి మీద సున్నా వేసిన సంగతి మరిచిపోకూడదు. సర్వమాన్యాల చరిత్ర అంతా ధర్మచరిత్ర కాదు.) ఇంగ్లీషువాళ్లు 1860లో ఆదాయపు పన్ను తెచ్చి, 1886 చట్టంలో జీవిత బీమా ప్రీమియానికి మినహాయింపు ఇచ్చినప్పుడు దానికి పెట్టిన పరిమితి కూడా ఆదాయంలో ఆరోవంతే. యాదృచ్ఛికమే, కానీ ముచ్చటైన యాదృచ్ఛికం.

ఇక ఆరోవంతు సంగతి. రాజు పంటలో ఆరోవంతు తీసుకుంటాడని అందరికీ తెలుసు. దానికి జోడీగా మనువు చెప్పిన రెండో మాట అంతగా ప్రచారంలో లేదు: ప్రజలను కాపాడే రాజుకు ప్రజల పుణ్యంలోనూ ఆరోవంతు వస్తుంది, కాపాడనివాడికి వాళ్ల పాపంలో ఆరోవంతు వస్తుంది. అంటే పుణ్యాన్ని వాటాలుగా పంచుకోవడం నేనిప్పుడు కల్పిస్తున్న ఊహ కాదు. పన్నుతో పాటే పుట్టిన ఊహ. వేంగీ చాళుక్యుల రాగి రేకుల చివర వ్యాసుడివని చెప్పే శ్లోకాలు ఉంటాయి. దానభూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు పురుగై పుడతాడన్న శాపమే అందరికీ గుర్తుంటుంది. దాని పక్కనే ఇంకొకటి ఉంది: భూమిని ఎందరో రాజులు దానమిచ్చారు, ఏ కాలంలో భూమి ఎవరిదైతే ఆ కాలంలో ఆ ఫలం వారిదే అని. మొదట దానమిచ్చిన రాజు ఎప్పుడో పోయాడు. అతని తరువాత వచ్చిన రాజు ఆ భూమిమీద పన్ను వేయగలడు, కానీ వేయడు. వేయకుండా ఆగినందుకే దానఫలం అతనికీ దక్కుతుంది. రాబడి వదులుకున్నవాడు కూడా దాతే అన్న సూత్రాన్ని ఇంత స్పష్టంగా చెప్పిన పత్రం మరొకటి దొరకడం కష్టం. ఇవాళ భూమి ఎవరిది? రాజులు లేరు. 80జి కింద ఖజానా వదులుకునే 15,600 రూపాయలను వదులుకునేది ఈ దేశ ప్రజలే. విజయవాడ చిట్టినగర్‌లో టీ కొట్టు దగ్గర పంచదార పొట్లం కొన్నవాడు కట్టే జీఎస్‌టీ కూడా ఆ ఖజానాలోదే. రాగి రేకుల న్యాయం ప్రకారం ఆ అన్నదానంలో అతనికీ ఫలం ఉంది.

ఈ ప్రశ్న మీద తెలుగువాళ్లు ఎప్పుడో తీర్పు చెప్పేశారు. ఆ తీర్పు పేరు భద్రాచలం. కంచర్ల గోపన్న 17వ శతాబ్దంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారు. మేనమామలు అక్కన్న మాదన్నలు గోల్కొండ సుల్తాను తానీషా కొలువులో పెద్ద పదవుల్లో ఉన్నారు. వసూలైన శిస్తును ఆయన గోల్కొండకు పంపకుండా భద్రాద్రి రాముడికి గుడి కట్టించాడు, నగలు చేయించాడు. ఆరు లక్షల వరహాల బాకీ కింద పన్నెండేళ్లు గోల్కొండ చెరసాలలో ఉన్నాడని కథ. ఇందులో చరిత్ర ఎంత, భక్తి ఎంత అన్న చర్చ పక్కన పెడదాం. ఒక జాతి తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన కథలో ఆ జాతి ధర్మబుద్ధి ఉంటుంది. చెరలో గోపన్న పాడిన కీర్తనల్లో ఒకటి అచ్చంగా ఖర్చుల పద్దు. సీతమ్మ చింతాకు పతకం, రాముడి కలికితురాయి, ప్రాకారం, మండపం, ఒక్కొక్కదానికీ ఎంతైందో రాముడికే లెక్క అప్పజెబుతాడు. కోపం పట్టలేక, ఇవన్నీ మీ నాన్న పెట్టాడా, మీ మామ పంపాడా అని నిలదీస్తాడు. మనం ఆ కీర్తన విని మురిసిపోతాం కానీ, ఆ ప్రశ్నను తిరిగి గోపన్ననే అడగం. దశరథుడూ పెట్టలేదు, జనకుడూ పంపలేదు. గోపన్న పెట్టాడా? ఆ వరహాలు పాల్వంచ రైతుల శిస్తు. గోల్కొండ ఖజానాకు చేరవలసిన సొమ్ము.

ఆ కథ ముగింపు అసలైన విశేషం. రాముడు తలచుకుంటే చెర గోడలు కూలిపోవచ్చు. తానీషాకు కల్లోకొచ్చి భయపెట్టవచ్చు, గోపన్న చేసింది నా పనే కదా, బాకీ ఎక్కడిది అని వాదించవచ్చు. భక్తి కథల్లో అలాంటివి కొల్లలు. కానీ ఈ కథలో రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ పేర్లతో రాత్రివేళ తానీషా దగ్గరికి వెళ్లి, ఆరు లక్షలూ రామమాడల్లో లెక్కపెట్టి, చెల్లు రసీదు రాయించుకుని తెస్తారు. దేవుడికి ఖర్చు పెట్టినంత మాత్రాన రాజ్యం బాకీ తీరదని దేవుడే ఒప్పుకున్నాడు. పైగా రసీదు అడిగాడు. కౌంటర్ దగ్గర 80జి రసీదు అడగడానికి సిగ్గుపడేవాళ్లకు ఇంతకంటే పెద్ద అభయం ఏం కావాలి? సిగ్గుపడవలసింది రసీదు గురించి కాదు. ఖజానా సొమ్ముతో గుడి కట్టి అది నా సొమ్మే అనుకోవడం గురించి. 80జి ఒక రకంగా గోపన్న చేసినదానికి చట్టం వేసిన ముద్ర: శిస్తులో కొంత భాగం గోల్కొండకు పంపకుండా నేరుగా ధర్మకార్యానికి పెట్టుకో, కానీ ఎంతవరకు, ఎవరికి, ఏ కాగితం మీద అన్నది ముందే చెప్పు అంటుంది. ఆ అనుమతి తానీషా దగ్గర గోపన్నకు లేదు, మనకు ఉంది. తేడా అనుమతిలోనే. సొమ్ము ఎవరిదన్న ప్రశ్న రెండు చోట్లా ఒకటే.

దీనిమీద బలమైన అభ్యంతరం ఒకటుంది. తేలికగా కొట్టిపారేసేది కాదు. సంపాదించింది నేను, పన్ను విధించాకే అది ప్రభుత్వానిది అవుతుంది, చట్టమే విధించనప్పుడు అది ప్రజల సొమ్ము ఎలా అవుతుంది? నా ఇంట్లో దొంగ ఎత్తుకుపోని వస్తువులన్నీ దొంగ నాకు ఇచ్చిన కానుకలా? వాదన పదునుగానే ఉంది. కానీ పన్ను విధించకపోవడం వేరు, అందరిమీదా విధించి ఫలానా పని చేసినవాడికి తగ్గించడం వేరు. వ్యవసాయ ఆదాయం మీద కేంద్రం పన్నే వేయదు, అక్కడ రైతు ఎవరికీ బాకీ లేడు. 80జిలో మాత్రం బాకీ పుట్టింది, షరతు మీద తగ్గింది. ప్రభుత్వమే దీన్ని అలా చూస్తుంది. 2006-07 నుంచి కేంద్ర బడ్జెట్ పత్రాల్లో మినహాయింపుల వల్ల వదులుకున్న రాబడి ఎంతో ఒక పట్టిక వేస్తున్నారు. ఖర్చు పెట్టినట్టే లెక్క. ఇంకా సూటిగా చూడాలంటే బ్రిటన్ వైపు చూడాలి. అక్కడి తెలుగువాళ్లు గుడికి వంద పౌండ్లు ఇచ్చి గిఫ్ట్ ఎయిడ్ కాగితం మీద సంతకం పెడితే, పన్ను శాఖ నుంచి ఇంకో పాతిక పౌండ్లు గుడి ఖాతాలో పడతాయి. దాత చేతికి ఆ పాతిక రాదు. దాత ఇచ్చింది వంద, ప్రజలు ఇచ్చింది పాతిక అని పద్దులోనే కనిపిస్తుంది. మన పద్ధతిలో దాత నూటపాతిక ఇచ్చి పాతిక తిరిగి తీసుకుంటాడనుకోండి, ఫలితం ఒకటే. డబ్బు నడిచిన దారి మారినంత మాత్రాన సొమ్ముకు సొంతదారు మారడు. అక్కడ కళ్లకు కనిపించే వాటా ఇక్కడ కనబడదు, అంతే.

వాటా ఉందని ఒప్పుకుంటే ఇంకో వింత బయటపడుతుంది. అదే దానాన్ని 20 శాతం శ్లాబులో ఉన్నవాడు ఇస్తే అతనికి లక్షకు 10,400 చొప్పునే పన్ను తగ్గుతుంది. ఆదాయం పెరిగేకొద్దీ దానంలో ప్రజల వాటా పెరుగుతుంది, దాత వాటా తరుగుతుంది. పన్ను పరిధిలోకే రాని కూలీ మనిషి కొంగుముడి విప్పి హుండీలో వేసిన వంద రూపాయల్లో ఇతరులది పైసా కూడా లేదు. ఆ వంద అచ్చంగా ఆమెదే. అశ్వమేధ పర్వంలో ముంగిస కథ తెలుగువాళ్లకు కొత్త కాదు. ఏరుకున్న గింజల పేలపిండిని, తాము పస్తుండి, అతిథికి పెట్టిన సక్తుప్రస్థుడి ఇంట్లో నేలమీద దొర్లితే దాని ఒళ్లు సగం బంగారమైంది. మిగిలిన సగం కోసం అది ధర్మరాజు అశ్వమేధ శాలకు వచ్చి దొర్లింది. ఏమీ కాలేదు. ఎందుకు కాలేదన్నదానికి పెద్దలు చెప్పే జవాబు త్యాగం తక్కువైందని. నాకు మరో కారణం కూడా కనబడుతుంది. యుద్ధం ముగిసేసరికి ధర్మరాజు ఖజానా ఖాళీ. వ్యాసుడు చెబితే, పూర్వం మరుత్తుడు యజ్ఞం చేసి హిమాలయాల్లో వదిలిపోయిన బంగారం తవ్వి తెచ్చుకున్నారు. అశ్వమేధం నడిచింది ఆ సొమ్ముతో. ముంగిస ఈ మాట అనదు, ఇది నా ఊహే. కానీ ఒళ్లు బంగారం కావాలంటే ఇచ్చేవాడి సొంతం నేలమీద రాలాలి కదా.

గీత పదిహేడో అధ్యాయం మీద ఆధారపడేవాళ్లు ఇంకో ప్రశ్న వేస్తారు. ప్రత్యుపకారం ఆశించి ఇచ్చింది రాజస దానమని అక్కడ స్పష్టంగా ఉంది. 15,600 తిరిగి వస్తుందని తెలిసి ఇచ్చినవాడిది సాత్త్వికం ఎలా అవుతుంది? ఇక్కడ మనస్తత్వం కంటే కూడిక తీసివేతలే ఎక్కువ సాయపడతాయి. నిజంగా ఇచ్చిన దానం మీద మినహాయింపుతో ఎవరూ లాభపడలేరు. లక్ష ఇస్తే 15,600 మిగులుతుంది; ఇవ్వకపోతే మొత్తం లక్షా చేతిలోనే ఉంటుంది. నూటికి నూరు శాతం మినహాయింపు ఉన్న ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికి ఇచ్చినా తగ్గేది 31,200 మాత్రమే. కాబట్టి "పన్ను ఆదా కోసం దానం" అన్న మాటే పొరపాటు. ఆశతో చేసేవాడికి అది నష్టపు బేరం. పైగా తిరిగి వచ్చేది దానం పుచ్చుకున్నవాడి నుంచి కాదు. పదివేలు ఇస్తే బ్రేక్ దర్శనం దొరికే తిరుమల శ్రీవాణి పథకం లాంటి చోట్ల గీత ప్రశ్న పదునుగా తగులుతుంది, ఎందుకంటే అక్కడ ఇచ్చిన చోటనే ప్రతిఫలం దొరుకుతోంది. 80జిలో తగలదు. గుప్తదానం మాట కూడా ఇంతే. కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్న క్రీస్తు బోధ మన నుడికారంలోనే కలిసిపోయింది. కానీ పన్ను శాఖకు చెప్పడం చాటింపు వేయడం కాదు. చాటింపు పాలరాతి పలక చేస్తుంది, 10బీఈ ఫారాన్ని ఎవరూ చదవరు.

అసలైన అధర్మం ఇచ్చి రసీదు తీసుకోవడంలో లేదు, ఇవ్వకుండా రసీదు తీసుకోవడంలో ఉంది. ఊరూ పేరూ తెలియని రాజకీయ పార్టీకి చెక్కు మీద విరాళం ఇచ్చి, కమిషన్ పోను మిగిలింది నగదుగా వెనక్కి తెచ్చుకోవడం. సొంత ఇంట్లో ఉంటూ తండ్రి చేత అద్దె రసీదుల మీద సంతకాలు పెట్టించడం; రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా గీసిన ఆ సంతకం ఎంత నిండుగా ఉంటుందో. పన్నెండు నెలల రసీదులూ ఒకే పెన్నుతో, ఒకే పూట. 2025 జులైలో ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి దొంగ మినహాయింపుల మీద దేశమంతటా సోదాలు చేసింది. అంతకుముందు నాలుగు నెలల్లో సుమారు 40,000 మంది తమంతట తాము రిటర్నులు సవరించి 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములను వెనక్కి తీసుకున్నారని అప్పుడు ప్రకటించింది. వాళ్లను నేరగాళ్లని ఎవరూ అనుకోరు. మంచి జీతాలు, మంచి ఇళ్లు, గూట్లో దేవుడి పటాలు. రిటర్ను చివర ఇందులో చెప్పినవన్నీ నిజాలని ఒక ధ్రువీకరణ ఉంటుంది. దాన్ని చదవకుండా నొక్కేస్తారు. అది సత్యప్రమాణమన్న స్పృహ ఉండదు.

ఇలాంటి చోట శాస్త్రం అడ్డం పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. ప్రాణానికీ, విత్తానికీ, మానానికీ ముప్పు వచ్చినప్పుడు అబద్ధం ఆడవచ్చునని భాగవతంలోనే ఉందిగా అంటారు. ఉంది. పోతన పద్యం మూలాన అది తెలుగువాళ్లందరికీ నోటికి వచ్చిన సంగతి. కానీ ఆ మాట ఎవరన్నారు, ఎవరితో అన్నారు? బలి చక్రవర్తితో శుక్రాచార్యుడు. ఆయనను పురాణాల్లో మొదటి పన్ను సలహాదారు అనవచ్చు. సంపాదనను ధర్మానికీ, కీర్తికీ, పెట్టుబడికీ, భోగానికీ, తనవాళ్లకూ అయిదు భాగాలు చేసుకోవాలని కూడా ఆయనే చెబుతాడు, చక్కటి సలహా. అబద్ధం విషయంలో మాత్రం బలి వినలేదు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోనన్నాడు, గురువు శాపం తిన్నాడు, అంతా ధారపోశాడు. శుక్రుడు కమండలం కొమ్ములో దూరి నీళ్లకు అడ్డం పడి కన్ను పోగొట్టుకున్నాడని జనం చెప్పుకునే కథ. వెయ్యేళ్లుగా ఈ కథ విన్నవాళ్లెవరూ శుక్రుడి పక్షాన నిలబడలేదు. పద్యం శుక్రుడిదే, కథ బలిది.

తెలివిగా పన్ను తగ్గించుకోవడానికీ, ఎగవేతకూ మధ్య గీత ఎక్కడన్నది న్యాయస్థానాలకే పెద్ద తలనొప్పి. 1935లో ఇంగ్లాండులో డ్యూక్ ఆఫ్ వెస్ట్‌మినిస్టర్ కేసులో ప్రభువుల సభ, ఎవరి వ్యవహారాలను వాళ్లు తక్కువ పన్ను పడేలా సర్దుకునే హక్కు ఉందని చెప్పింది. 1985లో మన సుప్రీంకోర్టు ముందుకు మెక్‌డోవెల్ కేసు వెళ్లింది, అదీ ఆంధ్రప్రదేశ్‌లో మద్యం మీద ఎక్సైజు సుంకాన్ని అమ్మకపు పన్ను లెక్కలోంచి తప్పించిన వ్యవహారమే. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి వెళ్లిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ఆ తీర్పులో వెస్ట్‌మినిస్టర్ సూత్రాన్ని మనం వదిలెయ్యాలని రాశారు. ఆయన చూపించిన కారణాల్లో ఒకటి నైతికమైనది: గడుసువాళ్లు తప్పించుకున్న భారం కల్లాకపటం తెలియని పౌరుల భుజాల మీద పడుతుందని. తరువాత 2003లో మరో ధర్మాసనం ఆ మాటల జోరు తగ్గించింది, చట్టం అటూ ఇటూ ఊగుతూనే ఉంది. కానీ చిన్నప్పరెడ్డి చూసిన చోటునే మనమూ చూడాలి. పన్ను ఎగ్గొట్టినప్పుడు నష్టపోయేది ఢిల్లీలో ఎవరో అనుకుంటాం. నష్టపోయేది అదే ఆఫీసులో పక్క కుర్చీలో కూర్చుని, తండ్రి చేత సంతకం పెట్టించని మనిషి.

ప్రభుత్వం ఆ డబ్బుతో ఏం చేస్తోందో చూస్తూ కూడా కట్టమంటారా అన్నది చివరి అభ్యంతరం. అందులో బాధ నిజం. జీతగాళ్లకు జీతం చేతికి రాకముందే టీడీఎస్ పోతుంది. కోట్ల వ్యాపారం చేసేవాళ్లు చేతులు దులుపుకుంటారు. మనువు కూడా పన్ను తీసుకుని కాపాడని రాజును నరకానికే పంపాడు. అయితే పాపం రాజు ఖాతాలో వేశాడే గానీ ప్రజల బాకీని కొట్టెయ్యలేదు. గోల్కొండ చెరలో కొరడా దెబ్బలు కొట్టించిన ఏలికకే రాముడు మాడలు లెక్కపెట్టి ఇచ్చాడని మన కథ. మిగులు సొమ్ము మీద ఏటా 2.5 శాతం జకాత్ లెక్కగట్టే ముస్లిం కుటుంబాలు కూడా దాన్ని సర్కారు పన్నుతో కలపవు. రెండూ రెండు బాకీలు.

దానంలో ప్రజల వాటా ఉందని ఒప్పుకున్నాక ఒక ఇబ్బంది మిగులుతుంది, దాన్ని దాచను. ప్రజల్లో నాస్తికుడూ ఉన్నాడు, వేరే దేవుణ్ణి కొలిచేవాడూ ఉన్నాడు. ఒక మతాన్ని పోషించడానికే కేటాయించిన పన్నును ఎవరిచేతా బలవంతంగా కట్టించరాదని రాజ్యాంగం 27వ అధికరణం చెబుతుంది. చట్టానికి ఈ ఇబ్బంది తెలుసు. అందుకే పూర్తిగా మతపరమైన పనిని 80జి ధర్మకార్యంగా లెక్కించదు, ఒక్క మతానికో కులానికో పరిమితమైన ట్రస్టుకు గుర్తింపు ఇవ్వదు, ట్రస్టు ఆదాయంలో మతకార్యాలకు అయిదు శాతం మించనివ్వదు. కేంద్రం నోటిఫై చేసిన ప్రసిద్ధ, ప్రాచీన ఆలయాల, మసీదుల, చర్చిల, గురుద్వారాల మరమ్మతులకు మాత్రం సందు వదిలింది. అర్చనకు కాదు, అన్నానికి. దేవుడి సొమ్ములకు కాదు, గోపురం నెర్రెలకు. ఆ 15,600లో నాస్తికుడి వాటా ఆకలికి పోతే అతనికీ పేచీ ఉండదని చట్టం నమ్మకం. నాకైతే ఆ గీత సరిగ్గానే గీసినట్టు కనిపిస్తుంది. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానం పంక్తిలో కూర్చున్నవాణ్ణి నువ్వు ఏ శ్లాబు అని ఎవరూ అడగరు.

ఈ చర్చ అంతా కొద్దికాలంలో పాతబడిపోవచ్చు. 2020 బడ్జెట్‌లో వచ్చిన కొత్త పన్ను విధానం 2023-24 నుంచి అందరికీ ముందుగా వర్తించేది అయింది. అందులో 80జి లేదు, 80సి లేదు. 2025-26 నుంచి ఆ విధానంలో 12 లక్షల వరకు ఆదాయమున్నవారికి రిబేటు వల్ల కట్టవలసిన పన్నే లేదు. 1961 చట్టం స్థానంలో తెచ్చిన 2025 చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అందులో సెక్షన్ల నంబర్లు కూడా వేరు. కొత్త విధానంలోకి వెళ్లిన దాతకు ఒక మేలు జరిగింది, అది ఆడిటర్ చెప్పడు. ఇప్పుడతను లక్ష ఇస్తే లక్షా అతనిదే. కొంగుముడి విప్పిన కూలీ మనిషి పక్కన సమానంగా నిలబడ్డాడు. పాత విధానంలోనే ఉండి 80జి వాడుకునేవారు వాడుకోండి, నిజంగా ఇచ్చినదానికి రసీదు నిస్సంకోచంగా అడగండి. పలక చెక్కించే మాటొస్తే మాత్రం మీ పేరు పక్కన 84,400 అని రాయించుకోవడం సత్యం. లేదూ, లక్ష అనే ఉండాలంటే పేరు కింద "మరియు ప్రజలు" అని ఇంకో రెండు మాటలకు శిల్పికి కూలి ఇవ్వండి.

భద్రాచలంలో ఏటా శ్రీరామనవమి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రాలు వెళ్తాయి. తానీషా నాటి నుంచి వస్తున్న ఆనవాయితీ అంటారు. ఇప్పుడు అవి తెలంగాణ ప్రభుత్వం నుంచి వెళ్తున్నాయి. ఖజానా సొమ్ముతో కొన్నవి, ఖజానా పేరుతోనే రాముడి ముందుకు చేరతాయి.